శిశుపాలుడి ప్రశ్న

ఆమధ్య ఒక శనివారం మా బాథెల్‌లో ఇండియన్ కిరాణా కొట్టుకి వెళ్ళి గోంగూర కట్టలు తిరగేస్తుంటే, తెలిసిన ఒకాయన ఎదురుపడ్డారు. అంతకుముందు వారం మా ఇంట్లో కొందరం కూర్చుని కథలు చదువుకున్నాం. ఆయన్నీ వాళ్ళావిడనీ పిలిచాను, రాలేదు. ఎందుకు రాలేదని నేను అడగలేదు. ఆయనే బండి ఆపి, "సారీ అండీ, మొన్న మీ ప్రోగ్రామ్‌ని ప్రయారిటైజ్ చేసుకోలేకపోయాం" అన్నారు. దానికేముందండీ అన్నాను. ఆయన ఇడ్లీ రవ్వ వైపు వెళ్ళిపోయారు. నేను కారెక్కితే ఆ మాట కూడా నాతోపాటే ఎక్కింది.

మనిషి మర్యాదస్తుడు. అబద్ధం చెప్పలేదు, తప్పించుకోనూ లేదు. మరి గుచ్చుకున్నదేమిటి? మా ఏలూరులో అయితే "కుదరలేదమ్మా" అనేవారు. కుదరడమనేది ఎవరూ చేసే పని కాదు, తనంతట తాను జరగాలి. సంబంధం కుదురుతుంది, బేరం కుదురుతుంది, ఒక్కోసారి జబ్బు కూడా కుదురుతుంది. కుదరకపోతే తప్పు ఎవరిదీ కాదు, కాలానిదో గ్రహాలదో అయి ఉంటుంది. రావాలనిపించలేదన్న సంగతి రానివాడికీ తెలుసు, పిలిచినవాడికీ తెలుసు, అయినా ఆ ఒక్క క్రియ మీద ఇద్దరూ గౌరవంగా నిలబడతారు. ఈయన ఆ సౌకర్యం తీసేశారు. ఆ వారాంతానికి తన దగ్గర ఒక జాబితా ఉందనీ, అందులో నేను కిందెక్కడో ఉన్నాననీ నాకు తెలియజేశారు. నిజమే చెప్పారు కదా, నొచ్చుకోవడం దేనికి అని నన్ను నేను అడిగి చూశాను. నొప్పి కింద ఉన్నందుకు కాదనిపించింది. నా పైన ఎవరున్నారో చెప్పలేదు. పిల్లాడి సాకర్ మ్యాచా, కాస్ట్‌కోనా, మధ్యాహ్నం నిద్రా? ఏ లెక్కన నేను దిగువకి వెళ్ళానో తెలిస్తే ఒప్పుకునేదాన్నో పోట్లాడేదాన్నో. ఆ లెక్క చెప్పకుండా ఫలితం ఒక్కటే చెప్పగలగడం ఆ క్రియకున్న విద్య.

ఆఫీసులో నేను రోజూ వాడేది ఈ మాటే కాబట్టి ఇలా తప్పు పట్టడం అన్యాయమేమో కూడా. మా సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ప్రతి లోపానికీ ఒక అంకె ఉంటుంది. పీ-జీరో అంటే నిద్రలోంచి లేపి చేయించేది, పీ-వన్ అంటే ఈ వారంలో, పీ-టూ అంటే చూద్దాం. పీ-త్రీ అంటే ఎప్పటికీ చెయ్యబోమని అందరికీ తెలుసు గానీ ఎవరూ పైకి అనరు. ఈ అంకెలు వేసే సమావేశాన్ని ట్రయాజ్ అంటారు. నెపోలియన్ సైన్యంలో శస్త్రవైద్యుడు డొమినిక్ లారే, పడి ఉన్న క్షతగాత్రుల్లో హోదా చూడకుండా, దెబ్బ తీవ్రత చూసి ముందెవరికి కట్టు కట్టాలో తేల్చేవాడట. ఆ నెత్తుటి మాటని మేం కాఫీ తాగుతూ బటన్ రంగు గురించి వాడతాం. అక్కడ నేను గమనించిందొకటి ఉంది. "దీన్ని ప్రయారిటైజ్ చేద్దాం" అని అందరూ ధైర్యంగా అంటారు. దేన్ని వెనక్కి నెడుతున్నామో మాత్రం అనరు. అనక తప్పనప్పుడు "అది డీప్రయారిటైజ్ అయింది" అంటారు. ముందుకు తెచ్చేటప్పుడు చేసేవాళ్ళం మనం, వెనక్కి వెళ్ళేటప్పుడు అదే అవుతుంది. తెలుగువాడి కుదరకపోవడం ఇంగ్లీషులోకి దొడ్డిదారిన వచ్చేసిందన్నమాట!

ఈ క్రియ వయసులో చిన్నది. ప్రయారిటీ అన్న నామవాచకం పాతదే. దానికి మూలమైన లాటిన్ మాటకి ముందటిది అనే అర్థం, గొప్పది అని కాదు. దానికి తోక తగిలించి క్రియ చేసింది 20వ శతాబ్దం మధ్యలో, అమెరికా ప్రభుత్వ కార్యాలయాల భాషలో బాగా తిరిగి బయటికొచ్చింది. భాష మీద పట్టింపున్న పెద్దలు అప్పట్లో దీన్ని చూసి మొహం చిట్లించారు. ఇప్పుడు వాళ్ళ మనవలు దీన్ని వాడకుండా ఉద్యోగానికి దరఖాస్తు కూడా రాయలేరు. మేనేజ్‌మెంట్ క్లాసుల్లో నాలుగు గళ్ళ పెట్టె గీసి, అత్యవసరం ఒక వైపు, ముఖ్యం ఒక వైపు రాసి, ఇది అమెరికా అధ్యక్షుడు ఐజన్‌హవర్ చెప్పాడంటారు. 1954లో ఇవాన్‌స్టన్‌లో ఒక ప్రసంగంలో ఆయన ఆ తేడా ప్రస్తావించిన మాట నిజమే. తను కూడా ఎవరో మాజీ కాలేజీ అధ్యక్షుడి మాటగానే చెప్పాడు. గళ్ళు గీసి ఊరూరా తిప్పింది స్టీఫెన్ కవీ, 1989 నాటి పుస్తకంలో. ఎవరి మాటని ముందు పెట్టాలన్న సంగతిలో కూడా మనుషులు పదవినే చూస్తారు.

మన దగ్గర దీనికి మాట లేదా? ప్రాధాన్యం ఉంది. ప్రాధాన్యత అని రాస్తే వ్యాకరణం తెలిసిన మేష్టార్లు ఎర్ర సిరా పెడతారు, అయినా పేపర్ల నిండా అదే. కానీ నాకు ఇష్టమైంది పెద్దపీట. బడ్జెట్‌లో వ్యవసాయానికి పెద్దపీట, మంత్రివర్గంలో ఫలానా జిల్లాకి పెద్దపీట అని ఏటా చదువుతాం. ఆ పీటని నేను నిజంగానే చూశాను. మా తాతగారి భోజనం పీట చుట్టూ ఇత్తడి పూలు కొట్టి ఉండేవి, మిగతావి బోడి చెక్కలు. అల్లుడు వచ్చిన రోజున ఆ పీట తాతగారి దగ్గర్నుంచి అల్లుడికి జరిగేది. ఎవరికి ఏ పీట పడిందో అందరి కళ్ళ ముందే ఉండేది. అంత నిజాయితీగా ఉండేదని మురిసిపోదామనుకుంటే, అమ్మమ్మ గుర్తొస్తుంది. ఆవిడకి పీట వేసినవాళ్ళని నేను చూడలేదు. అందరూ లేచాక వంటింటి గుమ్మం దగ్గర నేల మీద కూర్చుని తినేది. పీటలు లెక్కపెట్టే ఇంట్లో కూడా లెక్కలోకి రానివాళ్ళు ఉంటారు. ఆ వరసకి మాత్రం ఏ భాషలోనూ క్రియ అక్కర్లేకపోయింది.

అయినా పీటకో గుణం ఉంది. అది అలకకి చోటిచ్చింది. పెళ్ళిలో పిలుపు సరిగ్గా లేదని, శుభలేఖలో పేరు కిందకి వెళ్ళిందని, బట్టల్లో తేడా చేశారని మా మేనత్తలు అలిగి గదిలో కూర్చునేవారు. నాన్న వెళ్ళి గుమ్మం దగ్గర నిలబడి బతిమాలేవారు. చిన్నప్పుడు అది చాదస్తంలా కనిపించేది. ఇప్పుడు చూస్తే వాళ్ళు అడిగింది చాలా సూటి ప్రశ్న. ఆవిడకి ముందు, నాకు తర్వాత అని ఏ కొలబద్దతో తేల్చావురా తమ్ముడూ? దానికి జవాబు చెప్పలేకే నాన్న అంతసేపు నిలబడేవారు. పీ-త్రీ వేయించుకున్నవాడు అలగడానికి ఏ గది ఉంది?

ఆ ప్రశ్నకి మన సాహిత్యంలో పెద్ద దిక్కు శిశుపాలుడు. రాజసూయం చివర అగ్రపూజ ఎవరికని ధర్మరాజు అడిగితే, భీష్ముడు కృష్ణుడికన్నాడు. సహదేవుడు పూజ చేశాడు. శిశుపాలుడు లేచి ఒక్కో కొలబద్దా తీసి అడుగుతాడు. వయసు చూస్తే ఈయన తండ్రి వసుదేవుడే ఇక్కడ ఉన్నాడు. ఆచార్యత్వమైతే ద్రోణుడున్నాడు. ఋత్విక్కు కావాలంటే వ్యాసుడున్నాడు. రాజు కావాలంటే సభ నిండా రాజులే, ఇతను రాజు కూడా కాదు. మరి దేన్ని బట్టి? నన్నయ సభాపర్వంలోకి తెచ్చిన ఈ ఘట్టం నాకు మొదట తెలిసింది 1966 నాటి శ్రీకృష్ణ పాండవీయం సినిమాలో. చక్రం రావడం కోసం ఎదురు చూస్తూ కూర్చున్న పిల్లకి వాదన ఏం పట్టింది! పెద్దయ్యాక చదివితే ప్రశ్నలో తప్పేమీ కనిపించలేదు. అతని నోరు చెడ్డది, ప్రశ్న మంచిది. తిట్లు వంద దాటినందుకు తల పోయింది, ప్రశ్న ఆ గొడవలో పడి ఎటో దొర్లిపోయింది. కృష్ణుడు దేవుడు కాబట్టి కథలో నెగ్గాడు. కూర్చున్నవాడు దేవుడు కానప్పుడు ఏం చేస్తారు?

మా ఊరికి అరగంట దూరంలో, సియాటిల్‌లో, ఈ పరీక్ష నిజంగా జరిగింది. 1960లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో బెల్డింగ్ స్క్రిబ్నర్ అనే డాక్టరు చేతి రక్తనాళాలకి టెఫ్లాన్ గొట్టం శాశ్వతంగా అమర్చే పద్ధతి కనిపెట్టాడు. అంతవరకూ కిడ్నీలు పూర్తిగా పోయినవాళ్ళకి డయాలిసిస్ ఏ కొద్దిసార్లో చెయ్యగలిగేవారు, ఆ తర్వాత చావే. ఈ గొట్టంతో ఏళ్ళ తరబడి బతికించొచ్చు. కానీ 1962లో స్వీడిష్ హాస్పిటల్ ఆవరణలో కేంద్రం తెరిస్తే, ఉన్న పడకలు కొన్ని, వచ్చినవాళ్ళు ఎందరో. ముందు డాక్టర్లు వైద్యపరంగా పనికొచ్చేవాళ్ళని వడపోశారు. ఆ తర్వాత మిగిలినవాళ్ళలోంచి ఎంచడానికి ఏడుగురు మామూలు మనుషులతో ఒక సంఘం వేశారు. ఒక వకీలు, ఒక మతగురువు, ఒక బ్యాంకరు, ఒక గృహిణి, ఒక ప్రభుత్వోద్యోగి, ఒక కార్మిక నాయకుడు, ఒక సర్జన్. వాళ్ళ పేర్లు బయటికి చెప్పలేదు. ఆ ఏడాది నవంబరులో షానా అలెగ్జాండర్ లైఫ్ పత్రికలో రాసిన వ్యాసంతో దేశమంతా తెలిసింది.

ఆ ఏడుగురూ దుర్మార్గులు కారు. వాళ్ళ బల్ల మీద శిశుపాలుడి ప్రశ్న ఉంది, దానికి వాళ్ళు నిజంగా జవాబు వెతికారు. వయసు చూశారు. పెళ్ళయిందా, పిల్లలెందరు అని చూశారు. ఆదాయం, ఆస్తి, చదువు, ఉద్యోగం, చివరికి చర్చికి వెళ్తాడా లేదా అన్నది కూడా లెక్కలోకి వచ్చింది. ఏ కొలబద్ద పట్టుకున్నా అది తమలాంటి వాళ్ళ వైపే వంగింది. 1968లో ఒక మానసిక వైద్యుడూ ఒక లా ప్రొఫెసరూ కలిసి రాసిన వ్యాసంలో, కిడ్నీలు చెడిపోయిన రచయిత థోరోకి ఈ వాయవ్య ప్రాంతంలో బతుకు లేదని ఎత్తిపొడిచారు. చెరువు గట్టున గుడిసె వేసుకుని ఉద్యోగం సద్యోగం లేకుండా తిరిగేవాడికి ఆ సంఘం ఎన్ని మార్కులు వేస్తుంది? మా అమ్మమ్మకి ఎన్ని వేసేది? చివరికి ఆ ప్రశ్నకి జవాబు దొరకలేదు, డబ్బు దొరికింది. 1972 అక్టోబరులో నిక్సన్ సంతకం చేసిన చట్టంతో కిడ్నీ రోగులకి మెడికేర్ వర్తించింది. పడకలు పెరిగాయి, సంఘం అవసరం తీరిపోయింది. ఇప్పుడు ఆ ఆసుపత్రి ఉన్న ఫస్ట్ హిల్ మీదుగా వెళ్ళేటప్పుడల్లా ఆ గదిలో కూర్చున్న గృహిణి గుర్తొస్తుంది. ఇంటికెళ్ళి ఆ రాత్రి వంట చేస్తూ ఎవరి ఫైలు తలుచుకుని ఉంటుంది?

ఇక మనవాళ్ళ సంగతి. అమెరికాలో ఏ తెలుగు పార్టీకి వెళ్ళినా బిర్యానీ పళ్ళెం పట్టుకున్న ఇద్దరు మగాళ్ళ మధ్య వినపడే మాట "మీ పీడీ ఎప్పుడండీ?" అంటే ప్రయారిటీ డేట్. గ్రీన్‌కార్డు కోసం కంపెనీ తరఫున లేబర్ శాఖలో మొదటి కాగితం పడిన తేదీ. మనవాళ్ళు దాన్ని పుట్టినతేదీ కంటే త్వరగా చెబుతారు. ప్రతి నెలా విదేశాంగ శాఖ వీసా బులెటిన్ వేస్తుంది, మన తేదీని అది దాటితే "కరెంట్ అయింది" అంటాం. నాకు ముచ్చటేసేదేమిటంటే, ఇక్కడ ఆ లాటిన్ మాట తన అసలు అర్థానికి తిరిగొచ్చింది. ఎవరు గొప్పో అడగదు, ఎవరు ముందొచ్చారని అడుగుతుంది. శిశుపాలుడు నోరెత్తడానికి వీల్లేని కొలబద్ద! రేషన్ క్యూలో సంచీ పెట్టి వెళ్ళిన వాళ్ళకి ఇంతకంటే న్యాయం ఏం కావాలి?

కానీ క్యూ ఒకటి కాదు. 1990 నాటి చట్టం ఉద్యోగాల మీద ఏడాదికి 1,40,000 వీసాలు పెట్టి, వాటిని అయిదు ప్రిఫరెన్సులుగా విడగొట్టింది. ఏ ఒక్క దేశంలో పుట్టినవాళ్ళకీ 7 శాతం మించకూడదంది. పౌరసత్వం కాదు, పుట్టుక. ఒకే టీములో ఒకే పని చేసే ఇద్దరిలో ఖాట్మండులో పుట్టినాయన ఇల్లు కొనుక్కుని స్థిరపడితే, కాకినాడలో పుట్టినాయన పదేళ్ళు దాటినా బులెటిన్ తెరుస్తూనే ఉంటాడు. భార్య పుట్టిన దేశాన్ని బట్టి కూడా లెక్క వేసుకోవచ్చు కాబట్టి, కువైట్‌లో పుట్టిన అమ్మాయిని చేసుకున్నవాడికి అదృష్టం తగిలినట్టే. వంట పనికి గల్ఫ్ వెళ్ళిన ఏ తల్లో తెలియకుండా అల్లుడికి ఎంత కట్నం ఇచ్చిందో చూడండి. పైగా ఈ తేదీలు వెనక్కి కూడా నడుస్తాయి. ఉద్యోగాల్లో రెండో ప్రిఫరెన్స్ అయిన ఈబీ-2లో భారతీయుల తేదీ 2022 సెప్టెంబరులో 2014 డిసెంబరు దాకా వచ్చింది, అక్టోబరు బులెటిన్‌లో 2012 ఏప్రిల్‌కి జారింది. క్యూలో నిలబడ్డవాడు కదలకుండానే వెనక్కి వెళ్ళడం మా రేషన్ డీలరు కూడా చెయ్యలేకపోయాడు.

ఇక్కడ అలగడం కుదరదనుకుంటాం గానీ ఒకసారి అలిగారు. 2007 జులై బులెటిన్‌లో ఉద్యోగ వరసలన్నీ దాదాపుగా కరెంట్ అని ప్రకటించారు. జనం లాయర్లకి డబ్బు కట్టి, వైద్య పరీక్షలు చేయించుకుని, కాగితాలు పంపాక, జులై 2న కాదన్నారు. భారతీయులు వందల కొద్దీ పూలగుత్తులు ఇమ్మిగ్రేషన్ శాఖ అధిపతి ఎమీలియో గొంజాలెజ్‌కి పంపారు. అంతకుముందు ఏడే వచ్చిన లగే రహో మున్నాభాయ్ నేర్పిన గాంధీగిరీ అది. ఆయన ఆ పూలని యుద్ధంలో గాయపడిన సైనికులున్న ఆసుపత్రులకి పంపించారు. జులై 17న నిర్ణయం మారింది, ఆగస్టు 17 దాకా దరఖాస్తులు తీసుకున్నారు. మా మేనత్తలు చూసి ఉంటే, తలుపు లోపల గడియ పెట్టుకోకుండా పూలు పంపి అలగడం కొత్తగానే తోచేది.

ఉద్యోగాల వరసకి పక్కనే చుట్టరికాల వరస ఒకటుంది. 1952 చట్టంలో మొదటి పీట నైపుణ్యానిది. 1965లో అధ్యక్షుడు జాన్సన్ లిబర్టీ విగ్రహం దగ్గర కూర్చుని సంతకం చేసిన చట్టం ఆ పీట తీసి బంధువులకి వేసింది. ఆ మార్పుకి పట్టుబట్టిన వాళ్ళలో ముఖ్యుడు ఒహాయో నుంచి ఎన్నికైన కాంగ్రెస్ సభ్యుడు మైకేల్ ఫీగన్. అప్పటికి ఇక్కడున్నవాళ్ళు ఎక్కువగా యూరప్ వాళ్ళు, వాళ్ళ బంధువులూ అక్కడివాళ్ళే, కాబట్టి దేశం రంగు మారదని ఆయన ధీమా. యూరప్ బంధువులు ఆయన అనుకున్నంతగా రాలేదు. 1946 దాకా కోటాయే లేక, ఆ తర్వాత కూడా ఏడాదికి 100 మందికి మించకుండా ఆపిన మనవాళ్ళు డాక్టర్లుగా, ఇంజనీర్లుగా వచ్చి, తర్వాత తమ్ముళ్ళకి కాగితాలు వేశారు.

నేను పౌరసత్వం తీసుకున్నాక అమ్మకి దరఖాస్తు నింపుతున్నప్పుడు ఇవన్నీ ఆవిడకి చెప్పాల్సొచ్చింది. పక్కన కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తూ, "ఇందులో నేను ఎన్నోదాన్నే?" అంది.

"నీకు నంబర్ లేదమ్మా."

చెయ్యి ఆగింది. "నంబర్ కూడా లేదా?"

తల్లిదండ్రులూ, భార్యాభర్తలూ, పెళ్ళికాని చిన్నపిల్లలూ వరసలోనే ఉండరనీ, వాళ్ళకి ఏడాదికి ఇన్నని పరిమితి లేదనీ చెప్పేదాకా ఆ మొహం తేటపడలేదు. తేటపడ్డాక తమ్ముడి సంగతి అడిగింది. నాలుగో ప్రిఫరెన్స్, అంటే వరసలో ఆఖరు. 2006 ప్రాంతంలో వేసిన వాళ్ళ వంతు ఇప్పుడు నడుస్తోందని చెప్పాను. "వాడికి వచ్చేసరికి మోకాళ్ళు అరుగుతాయి" అని, కాసేపాగి, "నీ తమ్ముడి లెక్క వద్దులే. పిల్లకి మేనమామ కదా, ఆ లెక్కన వెయ్యి" అంది. మేనమామకి లెక్క లేదన్నాను. ఒకటి నుంచి నాలుగు దాకా చూపించాను. మేనమామా లేడు, మేనత్తా లేదు, బాబాయీ లేడు, మనవరాలి తరఫున అమ్మమ్మ కూడా లేదు.

"మేనమామ లేకుండా చుట్టరికాల చట్టం ఎలా రాశారే! రేపు పిల్ల పెళ్ళికి బుట్ట ఎవరు పట్టుకొస్తారు?"

"విజిటర్ వీసా మీద వస్తాడమ్మా. హైదరాబాద్ కాన్సులేట్‌లో స్లాట్ దొరకాలి, అంతే."

"అయితే ముందు ఆ స్లాటేదో చూడు. దాన్ని బట్టి ముహూర్తం పెట్టించుకుందాం" అంది అమ్మ. పిల్ల తొమ్మిదో తరగతి చదువుతోంది.